5,379 రూపాయల లెక్క



ఒక రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నున్న వ్యక్తి, తన నియోజకవర్గములో ఎన్నికగుటకై పత్రికాప్రకటనల మీద తాను వెచ్చించినది 5,379 రూపాయలనియు, కేబుల్ టీవీ ప్రకటనల మీద మఱి 6,000 రూపాయలనియు లెక్క వ్రాసి, సంతకము చేసి, అధికారులకు దాఖలు చేసెననినచో, ఆ మితవ్యయమునకు మనము సంతోషింపవలెనో ఆశ్చర్యపడవలెనో ఒక్కపట్టున తేల్చుకొనజాలము. 2009వ సంవత్సరము అక్టోబరులో జరిగిన మహారాష్ట్ర శాసనసభ ఎన్నికలలో, నాందేడు జిల్లాలోని భోకర్ స్థానమునుండి గెలిచిన అశోక్ చవాన్ గారి లెక్క అది. భోకర్ మనకు దూరపుటూరు గాదు. నాందేడు జిల్లా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే; ఆ సరిహద్దు తాలూకాలలో ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ మాటాడు కుటుంబములు నేటికిని కలవు.

ఆ ఎన్నికల దినములలో మహారాష్ట్ర పత్రికల పుటలను ఓపికతో తిరగవేసిన పి. సాయినాథ్ గారు — మన వి.వి. గిరి గారి మనుమడగు ఈ పాత్రికేయుని రచనలు, ముఖ్యముగా గ్రామీణ జీవనమును గూర్చినవి, మీలో పలువురు చదివియే యుందురు — ‘ది హిందూ’ పత్రికలో ఒక విచిత్రమును వెల్లడించిరి. పరస్పరము పోటీపడు మరాఠీ దినపత్రికలలో, ముఖ్యమంత్రిగారి యువనాయకత్వమును కొనియాడు ఒకే వ్యాసము అక్షరము పొల్లుపోకుండ అచ్చయినది. ‘అశోక పర్వము’ అను శీర్షికతో రంగుల పుటలు వెలువడినవి. వాటిపై ‘ప్రకటన’ అను చిన్న మాటయైనను లేదు. అవి వార్తలే అయినచో, వేర్వేరు కార్యాలయములలోని వేర్వేరు కలములకు ఒకే వాక్యము, అదే విరుపుతో, అదే విశేషణముతో ఎట్లు స్ఫురించినది? ప్రకటనలే అయినచో, వాటి మూల్యము 5,379 రూపాయలలో ఎట్లిమిడినది? ధనము పుచ్చుకొని వ్రాయలేదని పత్రికలవారును, తానేమియు చెల్లింపలేదని చవాన్ గారును వాదించిరి. ఆ వాదము తుదివఱకును నిలిచినదనియే చెప్పవలెను, ఏలయన ఆయన డబ్బిచ్చి వ్రాయించుకొనెనని ఏ న్యాయస్థానమును తీర్మానింపలేదు. ఈ మాట మొదటనే చెప్పుట న్యాయము.

ఈ వ్యాపారము పొరుగు రాష్ట్రమునకే పరిమితమని తెలుగువారు ఊరడిల్లుటకు వీలులేదు. అదే సంవత్సరము వేసవిలో మన శాసనసభకు, లోకసభకు కలిపి జరిగిన ఎన్నికలలో, వార్తకింత అని వెలకట్టి ‘ప్యాకేజీ’లుగా అమ్మిన వైనమును ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘమువారు పరిశీలించి పైకి తెచ్చిరి. తమ వృత్తిలోని కళంకమును తామే బయటపెట్టుకొనుట సామాన్యసాహసము కాదు. తరువాత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ద్విసభ్య ఉపసంఘములో పరంజయ్ గుహా ఠాకుర్తా గారితోపాటు మన కె. శ్రీనివాసరెడ్డి గారు సభ్యులు. వారు 2010లో సమర్పించిన నివేదికలో పత్రికల పేర్లు, ఆరోపణల వివరములు విశదముగా నున్నవి. కాని కౌన్సిలువారు దానిని పూర్తిగా ప్రకటింపక సంక్షిప్తరూపముతో సరిపుచ్చిరి. కేంద్ర సమాచార కమిషను ఆదేశించిన పిమ్మట 2011లో గాని మూలనివేదిక వెలుగు చూడలేదు. పత్రికల తప్పును విచారించు సంస్థకే పత్రికల పేర్లు చెప్పుటకు నోరు రాకపోవుట గమనింపదగినది.

భోకర్‌లో ఓడిన మాధవరావ్ కిన్హాళ్కర్ గారు ఎన్నికల సంఘమునకు ఫిర్యాదు చేసిరి. ప్రజాప్రాతినిధ్య చట్టము 77వ సెక్షను ప్రకారము అభ్యర్థి తన ఎన్నికకై చేసిన, లేక తన అనుమతితో ఇతరులు చేసిన ప్రతి వ్యయమునకును ప్రత్యేకముగా, సరిగా లెక్క వ్రాయవలెను. 78వ సెక్షను ప్రకారము ఫలితము వెలువడిన ముప్పది దినములలో దానిని దాఖలు చేయవలెను. చట్టము విధించిన గడువులో, విధించిన రీతిలో లెక్క ఈయనివానిని, తగిన కారణము చూపనిచో, మూడేండ్లపాటు అనర్హునిగా ప్రకటించు అధికారమును 10ఎ సెక్షను ఎన్నికల సంఘమునకు ఇచ్చుచున్నది. చవాన్ గారి న్యాయవాదుల వాదము ఇక్కడనే సూక్ష్మమైనది. లెక్క వేళకు అందినదా, నమూనా ప్రకారము ఉన్నదా అనునంతవఱకే సంఘమువారి అధికారము. అందులోని అంకెలు సత్యములా అసత్యములా అని తరచిచూచు అధికారము వారికి లేదని ఆ వాదము. అనగా కాగితము సకాలమున చేరినచో చాలును, దాని మీద ఏమి వ్రాసియున్నను సరియే! మఱియు వింతయేమనగా, 2013లో నాటి కేంద్రప్రభుత్వమే సుప్రీంకోర్టులో అఫిడవిట్టు వేసి ఈ వాదమునే బలపఱచినది. ఎన్నికల సంఘమునకు కోఱలు లేవని చెప్పుటకు ప్రభుత్వము పనిగట్టుకొని న్యాయస్థానమునకు వెళ్లుట, జవాబుదారీతనమును గూర్చి మన పాలకుల మనస్సులో నున్నదేమో తెలుపుటకు చాలినంత సాక్ష్యము.

సుప్రీంకోర్టు 2014 మే 5వ తేదీన ఆ వాదమును త్రోసిపుచ్చి, లెక్కలోని సత్యాసత్యములను విచారించు అధికారము సంఘమునకు నిశ్చయముగా కలదని తీర్పు చెప్పి, నలువదియైదు దినములలో విచారణ ముగింపుమని ఆదేశించినది. జులైలో సంఘమువారు, లెక్క చట్టప్రకారము సమర్పింపబడలేదని అభిప్రాయపడి, చవాన్ గారికి నోటీసు పంపిరి. సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. అక్టోబరులో మహారాష్ట్రలో తిరిగి ఎన్నికలే వచ్చినవి. చవాన్ గారు అప్పటికే నాందేడునుండి లోకసభకు ఎన్నికయి ఢిల్లీలో కూర్చుండిరి. ఒక శాసనసభ పుట్టి, పెరిగి, ఆయుస్సు తీరువఱకు, ఆ సభలోని ఒక సభ్యుని ఖర్చుల పుస్తకమును తెఱచి చూడవచ్చునా కూడదా అను ప్రశ్న చుట్టే కాలము గడిచిపోయినది.

ఆ పుస్తకమును కొంచెము దగ్గఱగా చూతము. నామినేషను వేసిననాడు రిటర్నింగు అధికారి అభ్యర్థి చేతికిచ్చు రిజిస్టరులో మూడు భాగములుండును. దినదిన వ్యయమునకు తెల్లని పుటలు, నగదునకు గులాబిరంగు పుటలు, బ్యాంకు లావాదేవీలకు పసుపుపచ్చ పుటలు. ఎన్నికల ఖర్చునకై వేరుగా బ్యాంకుఖాతా తెఱవవలెను. పదివేలు దాటిన చెల్లింపు నగదుగా చేయరాదు. జిల్లా అధికారులు ధరల పట్టిక నొకటి ముందుగనే ప్రకటింతురు: ప్లాస్టిక్ కుర్చీ దినమునకు ఇంత, షామియానా ఇంత, మైకు కట్టిన ఆటో ఇంత, పూలదండ ఇంత, టీ ఇంత, పులిహోర పొట్లము ఇంత, బిర్యానీ ఇంత. అభ్యర్థి వ్రాసిన లెక్కకు తోడుగా, 2010 తరువాత, అధికారులు తామొక ఛాయారిజిస్టరును నడుపుచున్నారు. వీడియో బృందము సభకు వెళ్లి కుర్చీలు, జెండాలు, వాహనములు చిత్రించి తెచ్చును. గుమాస్తా కూర్చుండి దృశ్యమును ఆపి ఆపి కుర్చీలు లెక్కించును. ఇంత శ్రద్ధతో లెక్కింపబడు కుర్చీలు గల దేశము మఱియొకటి యుండునా అని నాకు సందేహము. అయితే పగటిపూట వేసిన కుర్చీకి లెక్క కలదు గాని, పోలింగునకు ముందు రెండు రాత్రులు వీధివీధికి తిరుగు ‘పంపిణీ’కి ఏ రంగు పుటయు లేదు. ఊళ్లలో దానిని గూర్చి ఎవరును గుసగుసలాడరు. ఓటునకు ఎంత వచ్చినది, పక్కవాడలో ఎంత ఇచ్చిరి, మనకెందుకు తగ్గించిరి అని రచ్చబండ మీదనే మాటాడుకొందురు. తమిళనాడులోని అరవకురిచి, తంజావూరు స్థానములలో 2016లోను, చెన్నపట్టణములోని ఆర్.కె. నగర్‌లో 2017లోను ఈ పంపిణీ మితిమీరినదనియే ఎన్నికల సంఘమువారు పోలింగునే రద్దు చేయవలసివచ్చినది.

వ్యయపరిమితి యనునది కొత్తగా వచ్చిన భావము గాదు. మొదటి సార్వత్రిక ఎన్నికలలో చాలా రాష్ట్రములలో లోకసభ అభ్యర్థికి 25,000 రూపాయలు హద్దు. చవాన్ గారు గెలిచిననాడు మహారాష్ట్రలో శాసనసభ అభ్యర్థికి హద్దు 10 లక్షలు. 2014లో అది 28 లక్షలు, 2022లో పెద్ద రాష్ట్రములలో 40 లక్షలు అయినది. ఈ అంకెలు ఎంత పెరిగినను, దాఖలైన లెక్కలు మాత్రము సాధారణముగా వాటికి తక్కువగనే, వినయముతో తలవంచి నిలుచుచున్నవి. హద్దును దాటువాడు అభ్యర్థి కాకుండునట్లు చట్టమే ఏర్పాటు చేసియుండుట దీనికి రహస్యము.

ఆ ఏర్పాటు ఎట్లు వచ్చెనో చెప్పవలసియున్నది. 1971 లోకసభ ఎన్నికలలో ఢిల్లీ సదర్ స్థానమునుండి గెలిచిన అమర్‌నాథ్ చావ్లా గారి ఎన్నికను, ఓడిన కన్వర్‌లాల్ గుప్తా గారు సవాలు చేసిరి. 1974 అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు, జస్టిస్ భగవతి గారి ముఖమున, ఆ ఎన్నికను రద్దు చేయుచు, అభ్యర్థి కోసము పార్టీ చేసిన ఖర్చును, అతడెఱిగియు వారింపక దాని ఫలమనుభవించినచో, అతని ఖాతాలోనే జమకట్టవలెనని తీర్పు చెప్పినది. ధనబలము గల పార్టీ వెనుకనున్నవానికి ఒక హద్దు, ఒంటరివానికి ఒక హద్దు ఉండరాదన్నదే ఆ తీర్పులోని న్యాయము. ఆ తీర్పు పదునాఱు దినములకు మించి బ్రతుకలేదు. అక్టోబరు 19వ తేదీననే ఆర్డినెన్సు వచ్చినది; సంవత్సరాంతములోగా పార్లమెంటు దానిని చట్టముగా చేసి, పార్టీ గాని స్నేహితులు గాని చేసిన ఖర్చు అభ్యర్థి ఖర్చు కాదని వివరణ చేర్చినది. ఇంటి ముందు తలుపునకు గొళ్లెము బిగించి పెరటిగోడనే పడగొట్టుకొన్న గృహస్థు వలె శాసనకర్తలు ప్రవర్తించిరి. 2003లో ఆ వివరణను సవరించి మిత్రుల ఖర్చును తిరిగి లెక్కలోనికి తెచ్చిరి, నిజమే. కాని పార్టీ చేయు సాధారణప్రచారమునకు, పార్టీ పంపు ‘స్టార్ కాంపెయినర్’ల హెలికాప్టరులకు నేటికిని హద్దు లేదు. కుర్చీకి ఉన్న హద్దు విమానమునకు లేదు!

ప్రధాన ఎన్నికల కమిషనరుగా శేషన్ గారున్న కాలములో లెక్క అసలు ఈయనివారిని వందలకొలదిగా అనర్హులను గావించిరి. ఆ భయమున లెక్కలు వచ్చుట మొదలైనది. సత్యమైన లెక్కలు వచ్చుట వేఱు సంగతి. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలి స్థానమునుండి 2007లో గెలిచిన ఉమ్లేశ్ యాదవ్ గారు, పత్రికలలో వార్తారూపమున వచ్చిన ప్రచారమునకైన వ్యయమును లెక్కలో చూపలేదని 2011 అక్టోబరులో మూడేండ్లు అనర్హురాలయిరి. ఈ కారణమున పదవి పోగొట్టుకొన్న మొదటి శాసనసభ్యురాలు ఆమెయే. ఆమె చిన్న పార్టీకి చెందినవారు. మధ్యప్రదేశ్ మంత్రి నరోత్తమ్ మిశ్రా గారి దతియా ఎన్నిక 2008 నాటిది. ఫిర్యాదు వెనువెంటనే వచ్చినను సంఘమువారి అనర్హతోత్తరువు 2017 జూనులో వెలువడినది. మఱుసటి యేడు ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము దానిని కొట్టివేసినది. ఈ మధ్యకాలమున ఆయన ఇంకొక ఎన్నిక గెలిచి మంత్రిగనే యుండిరి. ఝార్ఖండు మాజీ ముఖ్యమంత్రి మధు కోడా గారి 2009 నాటి లెక్కకు శిక్ష 2017లో పడినది. వీరిలో ఎవరు దోషులు, ఎవరు నిర్దోషులు అను మాట అటుంచుడు. నిర్దోషియైనవానికి తొమ్మిదేండ్లు అపవాదు మోయుట అన్యాయము. దోషియైనవానికి తొమ్మిదేండ్లు అధికారమనుభవించుట ప్రజలకు అన్యాయము. ఆలస్యము ఇద్దఱిలో ఎవరికి లాభించునో ఊహించుట కష్టము గాదు.

ఆలస్యము అనివార్యమని చెప్పువారికి మన తాండూరు ఎన్నికను జ్ఞాపకము చేయవలసియున్నది. 1967లో ఆ స్థానమునుండి శాసనసభకు గెలిచిన డాక్టరు మఱ్ఱి చెన్నారెడ్డి గారి ఎన్నికను వందేమాతరం రామచంద్రరావు గారు ప్రశ్నింపగా, అవినీతికరమైన ఎన్నికల పద్ధతులు అవలంబించిరను కారణమున హైకోర్టు 1968లోనే దానిని రద్దుచేసినది. నాడు కేంద్రములో ఉక్కుశాఖ మంత్రిగా నున్న చెన్నారెడ్డి గారు పదవిని వదలుకొని, ఆరేండ్ల అనర్హతను అనుభవింపవలసివచ్చెను. కేంద్రమంత్రి యని న్యాయస్థానము సంకోచింపలేదు, సాక్షులు అనేకులని కాలయాపన చేయలేదు. ఎన్నికల పిటిషనును ఆఱు మాసములలో తేల్చుటకు యత్నింపవలెనని చట్టములో నేటికిని వాక్యము కలదు. ఆ వాక్యమును పాటించుటకు కొత్త చట్టము అక్కఱలేదు.

అభ్యర్థి ఖర్చునుగూర్చి ఇంత చెప్పితిని గాని, ఆ ధనము వచ్చు తావునుగూర్చి చెప్పక ఈ ప్రసంగము పూర్తికాదు. 1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ, రాజకీయ పార్టీలకు విరాళములిచ్చుటకు వీలుగా తన నిబంధనావళిని సవరించుకొనబూనినప్పుడు, బొంబాయి హైకోర్టు ప్రధానన్యాయమూర్తి ఎం.సి. చాగ్లా గారు చట్టరీత్యా అడ్డుచెప్పజాలకయే, కంపెనీల ధనము ప్రజాస్వామ్యమును ముంచివేయగల ప్రమాదమును గూర్చి పార్లమెంటును హెచ్చరించిరి. అటుపై అఱువది యేండ్లకు, 2017లో, కంపెనీ లాభములో ఏడున్నర శాతమునకు మించి విరాళమీయరాదను హద్దునే తీసివేసి, దాత పేరు ప్రజలకు తెలియకుండ ఇచ్చుటకు ఎలక్టొరల్ బాండ్లను కనిపెట్టిరి. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15వ తేదీన ఆ పథకమును కొట్టివేసిన తరువాత పేర్లు బయటికి వచ్చినవి. అత్యధికముగా కొన్నవారిలో రెండవ స్థానము హైదరాబాదు కేంద్రముగా గల మేఘా ఇంజనీరింగ్ సంస్థది, 966 కోట్లు. పుచ్చుకొన్న పార్టీలలో మన రెండు రాష్ట్రములను పాలించిన పార్టీలును కలవు. ఇచ్చినవారికి ప్రతిఫలముగా ఏమి లభించినదో, అసలు లభించినదో లేదో నేను చెప్పజాలను. అయితే ప్రభుత్వపు కాంట్రాక్టులు చేయు సంస్థ, ప్రభుత్వమును నడపు పార్టీకి గాని, నడపజూచు పార్టీకి గాని ఇచ్చిన ధనమును ఓటరు ఎన్నికకు ముందే తెలిసికొనవలెనని మాత్రము నిస్సంకోచముగా చెప్పగలను. తెలిసినది ఎన్నికలు అనేకములు గడిచిన తరువాత.

పార్టీల ఖర్చునకు హద్దు విధింపవలసినవారు పార్లమెంటువారు. వారు త్వరపడుదురని నేననుకొనుట లేదు, ఏలయన 1974లో వారు చూపిన త్వర వేఱు దిక్కునకు. కాబట్టి శ్రోతలైన మీతో ఒక మాట. ఎన్నికల నియమములలో అంతగా ఎవరును వాడని నియమము ఒకటి కలదు. అభ్యర్థి లెక్క దాఖలైన రెండు దినములలో జిల్లా ఎన్నికల అధికారి, అనగా మీ కలెక్టరుగారు, ఆ సంగతిని తమ నోటీసుబోర్డు మీద అతికింపవలెను. ఆ లెక్కను ఎవరైనను, అవును, ఎవరైనను, ఒక రూపాయి రుసుము చెల్లించి చూడవచ్చును; నకలు కూడ కోరవచ్చును. మీ ఊరి సభకు ఎన్ని లారీలు వచ్చినవో, ఎన్ని కుర్చీలు వేసిరో, ఏ పత్రికలో ఎన్ని పుటల పొగడ్త వచ్చినదో ఆ వీడియో బృందముకన్న మీకే బాగుగా తెలియును. వెళ్లి చూడుడు, చూచినదానిని మీకు తెలిసినదానితో సరిపోల్చుడు, తేడా యున్నచో తేదీ, స్థలము, ఫొటోలతో ఎన్నికల సంఘమునకు వ్రాయుడు. ఓడిన అభ్యర్థి మాత్రమే గాక, ఆ నియోజకవర్గపు సామాన్య ఓటరు కూడ హైకోర్టులో ఎన్నికల పిటిషను వేయవచ్చును. దానికి గడువు ఫలితము వెలువడిననాటినుండి నలువదియైదు దినములు. లెక్క దాఖలుకు అభ్యర్థికిచ్చిన గడువే ముప్పది. నోటీసు అతికించు రెండు దినములు తీసివేసినచో, మీ చేతిలో మిగులునవి పదుమూడు దినములు మాత్రమే. కనుక ఆలస్యము చేయకుడు.